‘స్టాక్‌ఫిష్‌ని ఓడించిన ఇంజన్’ అంటూ అమ్ముతున్నారు, డబ్బు కట్టకండి

మా అమ్మాయి అండర్-13 చెస్ టోర్నమెంట్లు ఆడుతుంది. తన ఆటలు విశ్లేషించుకోవడానికి పనికొస్తుందని పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 2,400 రూపాయలు పెట్టి చెస్ ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) కొన్నాను. స్టాక్‌ఫిష్‌ అనే ఉచితంగా దొరికే బలమైన ఇంజన్‌తో పది ఆటలు, ఆరు గెలుపులు, నాలుగు డ్రాలు, ‘200 ఈలో ఎక్కువ’ (ఈలో అంటే ఆట బలాన్ని కొలిచే పాయింట్లు) అని వీడియో పెట్టాడు. అదే వీడియో ఇప్పుడు పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లో తిరుగుతోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొన్నాక ఆ వీడియోని ఆపి ఆపి చూశాను. అతని ఇంజన్‌కి 8 థ్రెడ్లు ఇచ్చాడు, అంటే ఒకేసారి ఎనిమిది దారుల్లో లెక్కగట్టొచ్చు. స్టాక్‌ఫిష్‌ని మాత్రం డౌన్‌లోడ్ చేసినప్పుడు ఎలా వస్తుందో అలాగే వదిలేశాడు, అంటే ఒక్క థ్రెడ్, 16 ఎంబీ హ్యాష్ (లెక్కలు గుర్తుపెట్టుకునే మెమరీ). పది ఆటల్లోనూ తెల్ల పావులు అతని ఇంజన్‌వే. ఒకరి కాళ్లు కట్టేసి పరుగు పందెం పెట్టినట్టుంది. పైగా పది ఆటలతో బలం తేలదు. ఎక్కువ ఆటలు డ్రా అయ్యే ఈ స్థాయిలో కూడా పది ఆటల ఫలితం అదృష్టం మీదే నూరు పాయింట్లకు పైగా అటూ ఇటూ ఊగుతుంది.

షరతుల మీద గొడవ పేరున్న ఇంజన్ల పోటీల్లోనూ వచ్చింది. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ వాళ్ల చెస్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో, స్టాక్‌ఫిష్ 8 మీద 100 ఆటల్లో 28 గెలిచి 72 డ్రా చేసింది. స్టాక్‌ఫిష్‌కి 1 జీబీ హ్యాష్, ఎత్తుకి సరిగ్గా ఒక నిమిషం చొప్పున స్థిరమైన టైమ్ ఇవ్వడం న్యాయం కాదని అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. అక్కడ కనీసం ఆ షరతులు బయటికి చెప్పారు.

నేను క్యూట్‌చెస్‌ అనే, ఇంజన్లకి పోటీ పెట్టే ప్రోగ్రామ్‌లో రెండింటికీ సమానంగా ఒక థ్రెడ్, 256 ఎంబీ హ్యాష్, ఆటకి 10 సెకన్లు, ఎత్తుకి అదనంగా 0.1 సెకను చొప్పున పెట్టాను. ఒక్కో ఓపెనింగ్‌ని రంగులు మార్చి రెండుసార్లు ఆడించాను. రాత్రి మొదలుపెడితే తెల్లారేసరికి 1,000 ఆటలు పూర్తయ్యాయి. నేను కొన్నది 61 గెలిచింది, 189 ఓడింది, 750 డ్రా. అంటే ఉచితంగా దొరికే తాజా స్టాక్‌ఫిష్ కంటే దాదాపు 45 పాయింట్లు తక్కువ!

ఆ తర్వాత తెలిసింది ఇంకా బాధ కలిగించింది. స్టాక్‌ఫిష్‌లో ‘బెంచ్’ అని కమాండ్ ఇస్తే కొన్ని స్థానాలు లెక్కగట్టి చివర మొత్తం నోడ్ల (లెక్కలో చూసిన స్థానాల) సంఖ్య చూపిస్తుంది. ఆట తీరు మార్చే మార్పు కోడ్‌లో జరిగితే ఆ సంఖ్య మారిపోతుంది. నేను కొన్నదానికి అదే కమాండ్ ఇచ్చాను. పాత స్టాక్‌ఫిష్ ఒకదానితో ఆ సంఖ్య ఒక్క అంకె తేడా లేకుండా కలిసింది. పేరు, బొమ్మ మాత్రమే మార్చాడన్నమాట.

స్టాక్‌ఫిష్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంది. దాన్ని అమ్ముకోవడం తప్పు కాదు, కానీ ఆ లైసెన్స్‌తో పాటు, కొన్నవాళ్లకి సోర్స్ కోడ్ అందే ఏర్పాటు కూడా ఉండాలి. నాకు రెండూ రాలేదు. సోర్స్ కోడ్ అడిగితే జవాబు లేదు. డబ్బు వెనక్కి అడిగితే ‘డిజిటల్ వస్తువుకి రిఫండ్ ఉండదు’ అని ఒక్క ముక్క రాసి నన్ను బ్లాక్ చేశాడు.

ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే ముందు ఆటలన్నీ ఉన్న పీజీఎన్ ఫైలు, రెండు ఇంజన్ల సెట్టింగులు అడగండి. ఇవ్వకపోతే అక్కడే ఆగిపోండి. పిల్లల విశ్లేషణకైతే స్టాక్‌ఫిష్, లీలా అనే ఇంజన్లు రెండూ ఉచితమే. మా అమ్మాయి ఇప్పుడు స్టాక్‌ఫిష్‌తోనే చూసుకుంటోంది.