డెమో క్లాసు చూసి డబ్బు కట్టకండి: బెంగళూరులో లీనియర్ ఆల్జీబ్రా కోచింగ్‌తో మా అనుభవం

బెంగళూరులో ఉంటూ గేట్ డేటా సైన్స్ పేపరుకు గానీ, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గణితానికి గానీ కోచింగ్ కోసం వెతుకుతున్న తెలుగువారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. మారతహళ్ళి ప్రాంతంలోని ఒక కోచింగ్ సంస్థ ‘యూనివర్సిటీ స్థాయి లీనియర్ ఆల్జీబ్రా’ అనే పేరుతో, అంటే మాత్రికలు, వెక్టర్ల గణితం మీద, వారాంతపు కోర్సు నడుపుతోంది. అందులో నేనూ, మా పిన్ని కొడుకూ కలిసి చేరాం. ఒక్కొక్కరికి 22,000 చొప్పున 44,000 రూపాయలయింది. నాలుగు నెలల కోర్సును ఆరు వారాలకే మానుకున్నాం. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది కనుక సంస్థ పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్ళు అనుసరించిన పద్ధతి మీకు తెలియడం ముఖ్యం. ఎందుకంటే అదే పద్ధతి ఇంకొక బోర్డు కింద కూడా మీకు ఎదురు కావచ్చు.

మాది అనంతపురం. ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తూ ఎంటెక్‌కు వెళ్ళాలన్న ఆలోచనతో గేట్‌కు సిద్ధమవుతున్నాను. డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపరును 2024లో, ఇక్కడి ఐఐఎస్‌సీ గేట్ నిర్వహించిన ఏడాదే, కొత్తగా చేర్చారు. వెక్టర్ స్పేసులు, ప్రొజెక్షన్లు, క్వాడ్రాటిక్ ఫారాలు, ఎల్‌యూ విభజన, సింగ్యులర్ వాల్యూ విభజన వరకూ లీనియర్ ఆల్జీబ్రా అంతా ఆ సిలబస్‌లో ఉంది. నాకు తెలిసిందల్లా ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏలో చేసిన క్రామర్ నియమం, మాత్రికా విలోమ పద్ధతి, ఆ తర్వాత బీటెక్‌లో పరీక్ష కోసం బట్టీ పట్టిన కొన్ని లెక్కలు. మా తమ్ముడు ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళ క్లాసులో ఈ అధ్యాయాన్ని రెండు వారాల్లో ముగించారనీ, బోర్డు మీదున్నది ఎత్తి రాసుకోవడమే తప్ప ఏమీ అర్థం కాలేదనీ ఫోన్ చేసిన ప్రతిసారీ చెప్పి బాధపడేవాడు. ఇద్దరికీ ఒకే కోర్సు సరిపోతుందనుకుని, ఒక ఆదివారం ఉచిత డెమో క్లాసుకు వెళ్ళాం.

ఆ డెమో గురించి నిజం చెప్పాలి. అంత మంచి గణితం క్లాసు నేను అంతకు ముందు వినలేదు. యాభై దాటిన ఒక మాస్టారు వచ్చి, బోర్డు మీద రెండు సమీకరణాలు రాశారు: ఎక్స్‌కు మూడు వైలు కలిపితే 9, రెండు ఎక్స్‌లకు ఒక వై కలిపితే 8. సాధించమంటే అందరం ఎప్పటిలాగే ఒక చరరాశిని తొలగించే పనిలో పడ్డాం. ఆయన మమ్మల్ని ఆపి, నిలువు వరుసలను చూడమన్నారు. (1, 2) ఒక బాణం, (3, 1) ఇంకో బాణం. మొదటి బాణం ఎన్ని, రెండో బాణం ఎన్ని కలిపితే (9, 8) దగ్గరికి చేరతామన్నదే అసలు ప్రశ్న అన్నారు. మూడు మొదటివి, రెండు రెండోవి ఒకదాని చివర ఒకటి గీసి చూపించినప్పుడు, మా తమ్ముడు నా వైపు తిరిగి ‘అక్కా, ఇదా సంగతి’ అన్నాడు. బాణాలు రెండూ ఒకే గీత మీద ఉంటే ఏమవుతుందని ఆ మాస్టారే మమ్మల్ని అడిగి, ర్యాంకు (స్వతంత్రమైన దిశల సంఖ్య) అనే మాటకు అర్థం అక్కడి నుంచే చెప్పారు.

క్లాసు అయిన వెంటనే కౌన్సెలర్ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టింది. స్పష్టమైన తెలుగులో, మన కర్నూలు, అనంతపురం పిల్లలే ఇక్కడ ఎక్కువని చెప్పి, ఆ రోజే చేరితే ఫీజులో తగ్గింపు ఉంటుందంది. పరాయి ఊళ్ళో మన భాష వినగానే మనసు కాస్త మెత్తబడుతుంది. నా విషయంలోనూ అదే జరిగింది. మొత్తం ఒకేసారి కట్టలేనంటే, నెలకు 5,500 చొప్పున ఎనిమిది వడ్డీ లేని వాయిదాలన్నారు. నా ఫోనులోనే ఆధార్ ఓటీపీలు చెప్పించుకుని పది నిమిషాల్లో పని పూర్తిచేశారు. అది సంస్థకు నేను కట్టే వాయిదా కాదని, ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరున ఇచ్చిన అప్పు అని, సంస్థకు డబ్బు మొత్తం ముందే చేరిపోయిందని నాకు తర్వాత ఈమెయిల్ చదివితే గానీ తెలియలేదు.

ఇక్కడ ఒక విషయం చాలా జాగ్రత్తగా గమనించండి. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఇలాంటి అప్పు తీసుకున్నవారు తమకు ఇచ్చిన కొద్ది రోజుల గడువులోపు అసలు, ఆ రోజుల వరకు అయిన ఖర్చు చెల్లించి, జరిమానా లేకుండా దాని నుంచి బయటపడవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులన్నది అప్పు పత్రంతో వచ్చే ముఖ్యాంశాల పత్రంలో ఉంటుంది. మా బ్యాచ్ డెమో తర్వాతి శనివారమే మొదలవుతుందన్నారు. తర్వాత ఒక వారం, ఆ పైన ఇంకో వారం వాయిదా వేశారు. మొదటి క్లాసు జరిగేసరికి డబ్బు కట్టి ఇరవై రోజులయింది. అంటే, కోర్సు ఎలా ఉంటుందో ఒక్క క్లాసైనా చూడకముందే, అప్పు రద్దు చేసుకునే గడువు ముగిసిపోయింది. అది కావాలని చేశారో లేదో నేను చెప్పలేను. ఫలితం మాత్రం ఇది.

మొదటి క్లాసుకు ఆ మాస్టారు రాలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. ‘సార్ డెమోలు, రివిజన్లు మాత్రమే తీసుకుంటారు’ అన్నారు. వచ్చినది అప్పుడే బీటెక్ ముగించిన ఒక అబ్బాయి. అతని మీద నాకు కోపం లేదు. అదే వారాంతంలో మరో బ్యాచ్‌కు సంభావ్యత, ఇంకో బ్యాచ్‌కు ప్రోగ్రామింగ్ కూడా అతనే చెప్పేవాడు. నీళ్ళు తాగే తీరిక కూడా లేకుండా ఒక గది నుంచి ఇంకో గదికి పరుగెత్తేవాడు. ముద్రించిన నోట్సు చూసి బోర్డు మీద రాసేవాడు, మేం మళ్ళీ మా నోట్సులోకి ఎక్కించుకునేవాళ్ళం. ర్యాంకు అంటే సున్నాలు కాని వరుసల సంఖ్య, అంతే. బాణాలు లేవు, బొమ్మలు లేవు. వెక్టర్ స్పేసు గురించి ఎనిమిది నియమాలు చదివించి, ‘ఇవి రాయమని అడుగుతారు, గుర్తుపెట్టుకోండి’ అని తర్వాతి పేజీకి వెళ్ళిపోయాడు.

అర్థం చెప్పకపోవడం ఒక నష్టం. తప్పు చెప్పడం దానికన్నా పెద్ద నష్టం. నన్ను ఈ పోస్టు రాసేలా చేసింది ఆ రెండోదే. నాలుగో వారంలో ఐగెన్ విలువలకు (మాత్రికతో గుణించినప్పుడు గీత మారని వెక్టరు ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యలకు) ఒక ‘షార్ట్‌కట్’ నేర్పారు, అది వాళ్ళ ముద్రిత నోట్సులోనే పెట్టెకట్టి మరీ ఉంది. మాత్రికను అడ్డు వరుసల మార్పులతో ఎగువ త్రిభుజ రూపానికి తెచ్చి, ప్రధాన వికర్ణం మీద మిగిలిన సంఖ్యలను ఐగెన్ విలువలుగా రాసేయమని చెప్పారు. త్రిభుజ మాత్రికకు వికర్ణం మీది సంఖ్యలే ఐగెన్ విలువలన్నది నిజం. కానీ అడ్డు వరుసల మార్పులు చేస్తే ఐగెన్ విలువలే మారిపోతాయి కనుక, ఆ రూపానికి తెచ్చిన తర్వాత వచ్చేవి అసలు మాత్రికవి కావు.

మీరే ఒక కాగితం మీద చేసి చూడండి. మొదటి వరుసలో 2, 1, రెండో వరుసలో 1, 2 ఉన్న మాత్రిక తీసుకోండి. దానితో (1, 1) ని గుణిస్తే (3, 3) వస్తుంది, అంటే 3 ఒక ఐగెన్ విలువ. (1, –1) ని గుణిస్తే అదే తిరిగి వస్తుంది, అంటే రెండోది 1. ఇప్పుడు వాళ్ళ షార్ట్‌కట్ ప్రకారం రెండో వరుసలోంచి మొదటి వరుసలో సగం తీసేస్తే, వికర్ణం మీద 2, 1.5 మిగులుతాయి. ఈ తప్పు ఎందుకు అంత సులువుగా పట్టుబడదంటే, ఆ రెండింటి లబ్ధం కూడా 3 అవుతుంది; ఒక వరుస నుంచి ఇంకో వరుస గుణిజాన్ని తీసేస్తే నిర్ధారకం (డిటర్మినెంటు, అంటే ఐగెన్ విలువల లబ్ధం) మారదు కదా. రెండింటినీ కూడి చూస్తే మాత్రం దొరికిపోతుంది: అసలు మాత్రిక జాడ (వికర్ణం మీది సంఖ్యల మొత్తం, ఐగెన్ విలువల మొత్తమూ అదే) 4, షార్ట్‌కట్ ఇచ్చేది 3.5.

నేను లేచి, ‘సార్, (1, 1) తో గుణిస్తే 3 వస్తోంది, మన జవాబులో 3 లేదు’ అని అడిగాను. అతను నోట్సు వైపు, బోర్డు వైపు ఒకటికి రెండుసార్లు చూసి, ‘మేడమ్, లబ్ధం సరిపోయింది కదా, పరీక్షకు ఇది చాలు’ అన్నాడు. క్లాసు అయ్యాక ఆఫీసులో చెబితే, నోట్సు సీనియర్ ఫ్యాకల్టీ తయారుచేసిందనీ, సందేహాలు వాట్సాప్ గ్రూపులో పెట్టమనీ అన్నారు. పెట్టాను. జవాబు రాలేదు. రెండు రోజుల తర్వాత గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయలేకుండా చేశారు.

ఆ లోపలే మా తమ్ముడికి కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. పది మార్కుల ఐగెన్ విలువల ప్రశ్నను ఆ షార్ట్‌కట్‌తోనే చేశాడు. సున్నా వచ్చింది. వాళ్ళ ప్రొఫెసర్ ఆ పేపరు మీద ఎర్ర ఇంకుతో ‘ఎవరు చెప్పారు ఇది?’ అని రాసి ఇచ్చారు. కాలేజీలో అర్థం కావడం లేదని డబ్బు కట్టి పంపితే, కాలేజీలో సరిగ్గా చెప్పిన దాన్ని కూడా మేం వాడి చేత తప్పుగా రాయించాం. ఆ పేపరు నాకు ఫోటో తీసి పంపినప్పుడు, చాలాసేపు ఏం జవాబివ్వాలో తెలియలేదు. మిగతా సబ్జెక్టుల్లో బాగానే ఉన్న పిల్లవాడు, గణితం తనకు రాదని ఆ రోజు నుంచి అనడం మొదలుపెట్టాడు.

మానేసి మిగిలిన డబ్బు అడిగితే, సంస్థ వాళ్ళు రసీదు వెనక ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అన్న చిన్న అక్షరాలు చూపించారు. ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే, అప్పు అప్పే, కోర్సు సంగతి సంస్థతో తేల్చుకోమన్నారు. రెండు చోట్లా నిజంగా అలాగే చెబుతారు, ముందే తెలుసుకుని ఉండండి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాల మీద రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలానికి సరిపడా ఫీజు పది రోజుల్లో ఇవ్వాలని ఉంది. అవి మార్గదర్శకాలే అయినా, ఈమెయిల్లో ప్రస్తావించాక వాళ్ళ మాట తీరు కొంచెం మారింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, బోధించేవారి గురించీ ఫీజు వాపసు గురించీ కోచింగ్ సంస్థలు తప్పుదారి పట్టించే ప్రకటనలు చేయకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. డెమోలో ఒకరిని చూపించి క్లాసుకు ఇంకొకరిని పంపడం దీని కిందికే వస్తుందని నా వాదన.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. తెలుగులోనే మాట్లాడాను. దాదాపు మూడు వారాలకు మా తమ్ముడి వాటాలో 9,000 రూపాయలు తిరిగి వచ్చాయి. నా వాటాకు ‘ఇంకో కోర్సులో సీటు’ ఇస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. వాయిదాలు ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుందని నెలనెలా 5,500 కడుతూనే ఉన్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు ఉండదు, ఘటన జరిగిన రెండేళ్ళలోపు వెళ్ళవచ్చు. ఆ కాగితాలు ఇప్పుడు సిద్ధం చేసుకుంటున్నాను.

మీరు చేరాలనుకుంటే, డెమోకు కాదు, ఇప్పటికే నడుస్తున్న బ్యాచ్‌లో మూడో వారమో నాలుగో వారమో జరుగుతున్న మామూలు క్లాసులో ఒక గంట కూర్చోనివ్వమని అడగండి. కుదరదంటే అక్కడితో ఆపేయండి. మీకు చెప్పబోయే వ్యక్తి పేరు రసీదు మీద రాయించుకోండి. ఆ వ్యక్తిని, అడ్డు వరుసల మార్పులు చేస్తే ఐగెన్ విలువలు మారతాయా అని ఒక్క ప్రశ్న అడగండి. మారతాయని చెప్పి, ఒక ఉదాహరణ ఇవ్వగలిగితే మంచిదే. ఓటీపీ మాత్రం ఆ గదిలో ఎవరికీ చెప్పకండి. అప్పే తీసుకోవలసి వస్తే, రద్దు గడువు ఏ తేదీతో ముగుస్తుందో, మొదటి క్లాసు ఏ తేదీనో పక్కపక్కన రాసి చూసుకోండి.

నేనిప్పుడు ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ అనే ప్రొఫెసర్ చెప్పిన 18.06 అనే లీనియర్ ఆల్జీబ్రా కోర్సు ఉపన్యాసాలు ఉచితంగా చూస్తున్నాను. అరవై ఏళ్ళకు పైగా అక్కడ పాఠం చెప్పి 2023 మేలో చివరి క్లాసు తీసుకున్న ఆయన, మొదటి ఉపన్యాసంలోనే సమీకరణాలను నిలువు వరుసలుగా చూడమంటారు. ఆ డెమోలో మాకు నచ్చిన ఆలోచన అదే. ఇంగ్లీషు వేగం మొదట కష్టమనిపిస్తే, ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో మన యాసకు దగ్గరగా చెప్పే పాఠాలు ఉన్నాయి. అవి చూడటానికి డబ్బు కట్టనక్కరలేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు ఉంటుంది. ఆదివారాలు మధ్యాహ్నం మా తమ్ముడు నా పీజీకి వస్తాడు. కింద ఆంధ్రా మెస్‌లో తిని, అక్కడే బల్ల మీద నోట్సు పెట్టుకుని ఇద్దరం ఒక్కో ఉపన్యాసం చొప్పున చేస్తున్నాం. పోయిన వారం తొమ్మిదోది అయింది. మారతహళ్ళిలో ఆ కోర్సుకు మళ్ళీ కొత్త బ్యాచ్ అంటూ ఫ్లెక్సీ కట్టారు, దాని మీద ఉన్నది ఆ డెమో మాస్టారి ఫోటోయే.