హాస్కెల్‌తో ఆరేళ్లు: ట్రైకి చిక్కని తప్పు

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి రాసేవాళ్లు అందులోని మోనాడ్ అనే కష్టమైన భావన దగ్గర మొదలుపెడతారు. నేను దాని జోలికి పోవడం లేదు. ఆరేళ్ల వాడకంలో నన్ను ఏడిపించినది ఒక్కటే, దాని గురించే చెబుతాను.

మా ఊరి పాల కేంద్రానికి ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టాను. రాత్రి 2 గంటలకు క్రాన్ (చెప్పిన వేళకు ప్రోగ్రామ్‌లను నడిపే పనిముట్టు) దాన్ని లేపుతుంది. అంకెల ఫైలులో లీటర్లూ వెన్న శాతమూ, పేర్ల ఫైలులో సభ్యుల సంఖ్యలూ పేర్లూ ఉంటాయి. రెండూ కలిపి, తెల్లవారి అచ్చువేసే చీటీల ఫైలు తయారుచేస్తుంది. అంకెలు చదివే ఫంక్షన్ ఈదర్ ఇస్తుంది, అంటే లెఫ్ట్ అనే ముద్రతో తప్పు గానీ, రైట్ అనే ముద్రతో సరైన విలువ గానీ. వెన్న శాతంలో ఎవరైనా చుక్కకు బదులు కామా కొడితే ఏం చేయాలో తేల్చకుండా లోపలి అంకె నా చేతికి రాదు. మొదట్లో ఈ గుణాన్ని కనబడినవారందరి దగ్గరా పొగిడాను. ఫంక్షన్ ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే టైపు చూస్తే చాలు, అంతా తెలిసిపోతుందనేవాడిని. పేర్లలో పరీక్షించడానికి ఏముందిలే అని వాటిని వదిలేశాను.

పాత కంప్యూటర్ పోయి కొత్తది వచ్చింది. పగలు చేత్తో నడిపితే బ్రహ్మాండంగా నడిచింది. మర్నాడు ఆరు కాకముందే ఫోను: "సార్, చీటీ ఒక్కటీ రావడం లేదు. ప్రింటర్ తెల్లకాగితం తోసేస్తోంది."

లాగ్ తెరిచాను. "పేర్లు చదవడం పూర్తి" అని ఇంగ్లిషులో నేనే రాయించుకున్న వరుస నిక్షేపంగా ఉంది. దాని కిందే, 224తో మొదలయ్యే బైట్లను అక్షరంగా మార్చలేకపోయానన్న మొర. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ మూడు బైట్లు, మొదటిది 224. అంటే మొదటి సభ్యుడి పేరులో మొదటి అక్షరానికే కాలు జారింది. నా టెర్మినల్‌లో ఉన్న లాంగ్ సెట్టింగు (ఏ భాష, ఏ అక్షర పద్ధతి అని చెప్పేది) క్రాన్‌కు అందలేదు కాబట్టి, అక్కడ హాస్కెల్ ఆ ఫైలును ఇంగ్లిషు అక్షరాలే ఉండే ఆస్కీ అనుకుంది. ఇంతవరకు తప్పు నాదే, ఒప్పుకుంటాను.

కానీ ఆ చదివే వరుస చుట్టూ తప్పును పట్టి ఈదర్‌గా ఇచ్చే ట్రైని నేను పెట్టాను కదా! అది రైట్ అనే చెప్పింది. ఫైలు చదివే రీడ్‌ఫైల్ దాన్ని తెరిచి ఊరుకుంటుంది, అక్షరాలను ఎవరైనా అడిగినప్పుడే చదువుతుంది. ఫైలే లేకపోతే ట్రైకి చిక్కేది. అక్షరం దగ్గర తప్పు వస్తే చిక్కదు, ఎందుకంటే ఆ అక్షరాన్ని మొదట అడిగింది ఎక్కడో కిందున్న, ఫైలు రాసే రైట్‌ఫైల్. అదేమో ముందు పాత చీటీల ఫైలును తుడిచేసి, ఆ తర్వాత కొత్తవాటి కోసం చేయి చాపింది. నిన్నటివి పోయాయి, ఇవాళ్టివి రాలేదు.

హడావిడిగా, విలువను అప్పటికప్పుడు లెక్కగట్టించే ఎవాల్యుయేట్ చేర్చాను. రెండో రోజూ ఫోను వచ్చింది. రీడ్‌ఫైల్ ఇచ్చేది అక్షరాల జాబితా. ఎవాల్యుయేట్ అందులో మొదటి గడి వరకే తెరుస్తుంది, నా పేర్ల ఫైలులో మొదటి వరుస ఇంగ్లిషు శీర్షిక. అది సాఫీగా దాటిపోయింది. దాన్ని కూడా పగలు, నా సెట్టింగులతోనే పరీక్షించానని వేరే చెప్పాలా?

చివరికి ఫైలు మొత్తాన్నీ బైట్‌స్ట్రింగ్‌గా (ముడి బైట్ల వరుసగా) ఒక్కసారే చదివి, బైట్లను అక్షరాలుగా మార్చే డీకోడ్ ఫంక్షన్‌కు ఇచ్చాను. అవి రెండున్నాయి. పేరు చివర చిన్న గీత ఉన్నది ఈదర్ ఇస్తుంది. గీత లేనిది తప్పును విసిరికొడుతుంది, దాని టైపులో ఆ ఊసే ఉండదు, బయటి ప్రపంచంతో పని ఉందని చెప్పే ఐఓ గుర్తు కూడా ఉండదు. నా పాత పొగడ్తను ఆ గీత దగ్గరే సవరించుకున్నాను. చీటీలను ఇప్పుడు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాకే పేరు మారుస్తున్నాను. ఖాళీ జాబితా మీద, మొదటి అంశాన్ని ఇచ్చే హెడ్ వాడితే పేలిపోవడం మరో పాత జబ్బు. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.8 నుంచి దానికి హెచ్చరిక అయినా వస్తోంది.

ఒంటరిగా రాసుకుని ఏడాదికి రెండుసార్లు తెరిచే నాలాంటివాడికి ఈ భాష ఇప్పటికీ నచ్చుతుంది. ఆర్నెల్ల తర్వాత తెరిచినా ఎక్కడ చేయి పెట్టవచ్చో కంపైలర్ చెబుతుంది. నలుగురు కొత్తవాళ్లు కలిసి పనిచేసే చోటైతే, ఏ తప్పు ఎప్పుడు బయటపడుతుందో వాళ్లకు నేర్పే ఓపిక నాకు లేదు. చీటీలు మాత్రం ఆ తర్వాత రెండేళ్లుగా ఒక్క పూట కూడా ఆగలేదు. అయితే ఆ కంప్యూటర్‌ను కూడా నేను మళ్లీ మార్చలేదు.