చెన్నైలో కారు బ్యాటరీ: ఎండలో చస్తుంది, వానలో బయటపడుతుంది

మాది 2013 పెట్రోల్ స్విఫ్ట్. ఇప్పటికి ఇందులో మూడు బ్యాటరీలు వాడాం. బండితో పాటు వచ్చింది ఐదేళ్ళు దాటి నడిచింది. రెండోది మూడేళ్ళకే చేతులెత్తేసింది. మూడోది 2021లో వేయించాను, ఇంకా సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది. మూడూ ఒకే సైజు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఎంత చార్జి పట్టేదీ చెప్పే కొలత). నడిపేదీ నేనే. మారిందల్లా ఊరు, పార్కింగ్, వాడకం.

మొదటి బ్యాటరీ బతుకంతా బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గడిచింది. రోజూ అవుటర్ రింగ్ రోడ్డు మీద గంటల కొద్దీ నడక వేగం, అయినా దానికి ఏమీ కాలేదు. 2018 మొదట్లో ఉద్యోగం మారి చెన్నై వచ్చాం. వేళచ్చేరిలో ఇల్లు, బండికి పైన కప్పు లేదు. ఆ వేసవి గడవకుండానే అది పోయింది. ఎలాగూ ముసలిదే, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ తర్వాత కొత్తగా కొన్నది కూడా చెన్నైలో మూడేళ్ళే వచ్చేసరికి లెక్క అర్థమైంది.

కారు బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుందంటే అందరూ చెప్పేది మూడు నుంచి ఐదేళ్ళు. అబద్ధం కాదు, కాకపోతే దాన్ని నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోలేం. మూడుకీ ఐదుకీ మధ్య తేడా అంతా ఎండది, బండి ఖాళీగా నిలబడ్డ రోజులది. లోపల ఉండేది సీసం ప్లేట్లు, సల్ఫ్యూరిక్ యాసిడ్. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంటే ప్లేట్ల జాలీ అంత త్వరగా తుప్పు పడుతుంది, యాసిడ్‌లో నీళ్ళు అంత త్వరగా తగ్గిపోతాయి. మే నెలలో బయట నలభై ఉన్నప్పుడు బానెట్ కింద ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. చలి దేశాల వాళ్ళ వీడియోలు చూసి చలికాలంలో బ్యాటరీ పోతుందని మనవాళ్ళు కూడా అంటుంటారు. అక్కడైనా దెబ్బ తినేది ఎండల్లోనే, చలిలో అది బయటపడుతుంది.

మనకి అంత చలి లేదు, దాని బదులు ఈశాన్య రుతుపవనాలున్నాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండకి నీరసించిన బ్యాటరీ జులై, ఆగస్టుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. అక్టోబర్ వస్తుంది. సాయంత్రం ఆరింటికే చీకటి, హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ, వెనక అద్దం డీఫాగర్, అన్నీ ఒకేసారి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ట్రాఫిక్‌లో బండి నిలబడి ఉంటుంది. బండి కదలకుండా ఇంజిన్ ఊరికే ఐడిల్‌లో తిరుగుతున్నప్పుడు, దాంతో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ, లోటు పూడ్చేది బ్యాటరీనే. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ మంటుంది. పైగా సరిగ్గా ఆ రోజుల్లోనే బండితో పని. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను చూశాక, రెడ్ అలర్ట్ వచ్చిందంటే మా వైపు జనం కార్లు తీసుకెళ్ళి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టేస్తారు. ఆ సాయంత్రం స్టార్ట్ కాని బండి కింద వరద నీళ్ళకే ఉండిపోతుంది. అందుకే నా మటుకు నాకు చెన్నైలో బ్యాటరీ సంగతి తేల్చుకోవలసిన నెల సెప్టెంబర్. బండి ఆగిపోయాక కాదు, వారంటీ అయిపోయిందని కూడా కాదు.

తేల్చుకోవడం ఎలా అంటే, ముందు వోల్టేజీ చూసుకోవడానికి ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. మామూలుది ఐదారు వందల్లో వస్తుంది. రాత్రంతా బండి కదలకుండా ఉన్నాక, పొద్దున సెల్ఫ్, లైట్లు ఏవీ వేయకముందే బానెట్ ఎత్తి టెర్మినళ్ళ మీద పెట్టి చూడాలి. 12.6 వోల్టుల పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు వంతే మిగిలినట్టు. ఇప్పుడే నడిపి ఆపిన బండి మీద చూస్తే 12.8 కూడా చూపిస్తుంది, అది పైపై చార్జి, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. అంతకన్నా తక్కువుంటే తప్పు ఆల్టర్నేటర్‌ది, బెల్ట్‌ది, వైరింగ్‌ది కావచ్చు. 15 దాటుతుంటే ఆ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, అది బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. ఉబ్బిన డబ్బా, కుళ్ళిన గుడ్డు వాసన దాని గుర్తులు. ఈ ఒక్క రీడింగు చూసుకోకుండా కొత్త బ్యాటరీ వేయించుకుని, ఏడాదికే అది కూడా పోయిందని కంపెనీని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

వోల్టేజీ బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. నా రెండో దానితో ఇదే జరిగింది. పొద్దున రీడింగు 12.5 చూపిస్తోంది, సెల్ఫ్ మాత్రం బద్ధకంగా తిరుగుతోంది. మడిపాక్కంలో మేం వెళ్ళే బ్యాటరీ షాపతను నెల్లూరు మనిషి. బండి శబ్దం వినగానే, "సార్, వోల్టు చూసుకుని మురిసిపోబాకండి, లోడు వేసి చూద్దాం" అన్నాడు. అతని దగ్గరున్నది పాత రకం లోడ్ టెస్టర్, అంటే బ్యాటరీ నుంచి ఒక్కసారిగా పెద్ద కరెంటు లాగి వోల్టేజీ నిలుస్తుందో లేదో చూసేది. రెండు పెద్ద క్లిప్పులు, పైన ముల్లు, లోపల స్ప్రింగులాంటి కాయిల్. క్లిప్పులు బిగించి స్విచ్చి నొక్కి పట్టుకున్నాడు. కాయిల్ ఎర్రబడుతూ దుమ్ము కాలిన వాసన వచ్చింది. ముల్లు 12 నుంచి మెల్లగా దిగుతూ పది దగ్గర ఒక్క క్షణం తడబడి, ఒక్కసారిగా ఎర్ర గీత కిందకి పడిపోయింది. "ఒక సెల్లు పొయ్యింది సార్, మిగతా ఐదూ దాన్ని మోస్తా ఉండాయి" అన్నాడు. 12 వోల్టుల బ్యాటరీలో ఉండేవి ఆరు సెల్లులు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. ఒకటి చచ్చుబడ్డా లోడు మీద మొత్తం కూలిపోతుంది. పైన ఉండే ఆ పచ్చ కన్ను, అదే మ్యాజిక్ ఐ, చూసేది కూడా ఆరింటిలో ఒకే సెల్లుని. మా దానిలో అది చివరి దాకా పచ్చగానే ఉంది.

ఇప్పుడు చాలా షాపుల్లో చేతిలో పట్టే డిజిటల్ టెస్టర్లు వచ్చాయి. బ్యాటరీ మీద రాసిన సీసీఏ (చలిలో సెల్ఫ్ తిప్పడానికి ఇవ్వగల కరెంటు) ఎంత, ఇప్పుడున్నది ఎంత అని చీటీ కూడా ఇస్తాయి. రాసిన దాంట్లో మూడింట రెండు వంతులకి దిగితే నేనైతే ఆ వానాకాలానికి దాన్ని నమ్మను. ఇంట్లోనే చూసుకోవాలంటే, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటర్ చూడండి. ఆ రెండు సెకన్లలో 9.6 కిందకి పడకూడదు.

ఆ రెండోది మూడేళ్ళకే పోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. 2020 మార్చి నుంచి లాక్‌డౌన్, బండి నెలల తరబడి కదల్లేదు. తాళం తీసేసినా అలారం, సెంట్రల్ లాక్, గడియారం ఎంతో కొంత తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు. నెల తిరిగేసరికి 35 ఏహెచ్ బ్యాటరీ ఖాళీ, సెల్ఫ్ తిరగకపోవడం అంతకన్నా చాలా ముందే. ఖాళీగా పడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి చేసినా పాత సత్తువ రాదు. అప్పట్లో మా అపార్ట్‌మెంట్‌లో అందరూ వారానికోసారి కిందకి దిగి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి వెళ్ళేవాళ్ళు. అదో తద్దినం. స్టార్ట్ చేయడానికి తీసిందే ఐడిల్‌లో సరిగ్గా తిరిగి ఎక్కదు. నడిపితే అరగంట నడపాలి, లేదంటే నెగెటివ్ కేబుల్ ఊడదీసి వదిలేయాలి. డ్యాష్‌క్యామ్‌ని పార్కింగ్ మోడ్‌లో వదిలేసేవాళ్ళు, జీపీఎస్ ట్రాకర్ పెట్టించుకున్నవాళ్ళు ఈ లెక్క ఇంకా పెంచి చూసుకోండి.

మూడో దాని విషయంలో మార్చినవి రెండే. బండిని మధ్యాహ్నం ఎండ పడని వైపు పెట్టడం, ఊళ్ళో చిన్న చిన్న పనులకి స్కూటర్ తీయడం. నెలకోసారి తడ మీదుగా నెల్లూరు వెళ్ళి రావడం కూడా దానికి మంచిదే అయింది. హైవే మీద రెండు మూడు గంటల పరుగు ఇచ్చే చార్జి ఊళ్ళో తిరుగుళ్ళు ఇవ్వవు. టెర్మినళ్ళ మీద తెల్లగా, నీలంగా బూజులాంటిది పట్టినప్పుడు వంటసోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాస్తాను. చాలా "బ్యాటరీ పోయింది" కేసులు ఈ బూజుతో, వదులైన క్లాంపుతో తేలిపోతాయి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి. ఏసీ నుంచి కారే నీళ్ళు పోస్తే సరిపోతుందనే సలహా చాలామంది ఇస్తారు, ఆ నీళ్ళలో దుమ్ము, లోహపు మలినాలు ఉంటాయి.

కొనేటప్పుడు బ్రాండు గురించి నేను పెద్దగా పట్టించుకోను. మనవాళ్ళలో అమరాన్ అంటే ఒక అభిమానం, తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారవుతుందని. ఎక్సైడ్ వాళ్ళకి బెంగళూరు పక్కనే హోసూరులో ఫ్యాక్టరీ ఉంది. రెండూ వాడాను, నాకు తేడా తెలియలేదు. తేడా తెలిసేది తయారీ తేదీలో. షెల్ఫ్ మీద ఉన్న బ్యాటరీ కూడా తనంతట తాను డిశ్చార్జ్ అవుతుంది, కాబట్టి పెట్టె మీద కోడ్ చదివించి మూడు నెలల లోపుదే అడగండి. సైజు కోడ్ కూడా చూడండి. 38బి20ఎల్ అని ఉంటే చివరి అక్షరం ప్లస్ టెర్మినల్ ఏ వైపు ఉందో చెబుతుంది. ఎల్ బదులు ఆర్ తెచ్చుకుంటే కేబుల్ అందదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతట అదే ఆగే స్టార్ట్-స్టాప్ కార్లకి మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పోతుంది, వాటికోసమే చేసే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకాల్లో బండితో ఏది వచ్చిందో అదే వేయాలి. అలాంటి బండిలో స్టార్ట్-స్టాప్ పనిచేయడం మానేసిందంటే బ్యాటరీ నీరసపడిందేమో అని ముందు అనుమానించాలి. ఈవీ (ఎలక్ట్రిక్ కారు) వాళ్ళకి కూడా చెబుతున్నా, అందులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది పోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవదు.

వారంటీ కార్డు మీద పెద్ద అంకె చూసి సంబరపడకండి. అందులో మొదటి భాగమే ఉచితంగా మార్చేది, మిగతాది ప్రోరేటా, అంటే కొత్తదాని ధరలో కొంత తగ్గింపు మాత్రమే. ఉచితంగా మార్చి ఇచ్చినా కొత్తదానికి వారంటీ మళ్ళీ మొదటి నుంచి మొదలవదు, పాతదాంట్లో మిగిలినంతే. బిల్లు మీద సీరియల్ నంబరు, బండి నంబరు రాయించుకోకపోతే ఆ కొంచెం కూడా రాదు. మా సైజుకి పాతది ఇచ్చి కొంటే నాలుగైదు వేలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి పాత ధర చెబితే గట్టిగా అడగండి. పాతదాన్ని ఇంట్లో పెట్టుకోవద్దు, చిత్తు కాగితాలవాడికీ వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే, షాపువాడు దాని సీసానికి ధర కట్టి తగ్గిస్తాడు.

మా మూడోది ఈ మధ్య పొద్దున రీడింగు 12.4 దగ్గర ఉంటోంది, సెల్ఫ్ కొట్టినప్పుడు పదికి కొంచెం పైన ఆగుతోంది. ఈ వేసవి గడిచాక సెప్టెంబర్‌లో లోడు వేయించి చూస్తాను. పదికి కింద చూపిస్తే బేరమాడకుండా మార్చేస్తా.