నైట్ షెల్టర్‌లో వాలంటీర్‌గా చేరాలనుకుంటే రాత్రి డ్యూటీకే వెళ్ళండి

ఇల్లు లేనివాళ్ళు రాత్రిపూట తలదాచుకునే ఒక షెల్టర్‌కి కొంతకాలంగా వాలంటీర్‌గా వెళ్తున్నాను. చేరొచ్చా, ఎలా ఉంటుంది అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అక్కడ ఏది బాగుందో, ఏది బాగాలేదో రాస్తున్నాను. తప్పకుండా చేరండి, కాకపోతే సాయంత్రం వడ్డనకి కాకుండా రాత్రి డ్యూటీకి పేరివ్వండి. వడ్డించడానికి మనుషులు ఎప్పుడూ ఉంటారు, పండగ రోజుల్లో అయితే నిలబడడానికి కూడా చోటుండదు. అర్ధరాత్రి దాటాక మెలకువగా ఉండేవాళ్ళే దొరకరు, నిజంగా మనిషి అవసరం పడేది అప్పుడే.

నాకు అన్నిటికన్నా నచ్చింది శిక్షణ. చేరగానే పనిలోకి దించేయకుండా ముందు కూర్చోబెట్టి చెప్తారు. వచ్చినవాళ్ళని ‘మీకెందుకిలా అయింది’ అని అడగకూడదు, ఫోటోలు తీయకూడదు, డబ్బులు ఇవ్వకూడదు. నిద్రపోతున్న మనిషిని తట్టి లేపకూడదు, కాళ్ళ వైపు కాస్త ఎడంగా నిలబడి పేరు పెట్టి పిలవాలి. రోడ్డు మీద పడుకునే మనిషిని నిద్రలో ఎవరైనా తాకారంటే అది దొంగతనానికో కొట్టడానికో అయ్యుంటుంది, అందుకే చెయ్యి పడగానే ఉలిక్కిపడి ఎదురు తిరుగుతారు. తాగి వచ్చినవాళ్ళని వెల్లకిలా పడుకోనివ్వకుండా ఒక పక్కకి తిప్పడం కూడా చేయించి చూపించారు, ఎందుకంటే వాంతి గొంతుకి అడ్డుపడితే ప్రాణమే పోతుంది. పిలిచినా కదిపినా పలక్కపోతే మత్తులో ఉన్నాడులే అని వదిలేయకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. నాకు కొత్తగా తెలిసిన సంగతి ఏంటంటే, రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే, ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. కాబట్టి చేతులు వణుకుతూ, చెమటలు కారుతూ ‘నిన్నటి నుంచి ముట్టుకోలేదు’ అని చెప్పే మనిషిని మెచ్చుకుని ఊరుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపాలి.

తలుపు దగ్గర రిజిస్టర్‌లో వాళ్ళు ఏ పేరు చెప్తే ఆ పేరే రాస్తారు, గుర్తింపు కార్డు అడగరు. కార్డు లేకపోతే రానివ్వని షెల్టర్లు కూడా ఉంటాయి, కానీ బయట పడుకునేవాళ్ళ సంచి పోయిందంటే కార్డూ దాంతోనే పోతుంది. తాగి ఉన్నా గొడవ చేయనంతవరకు ఇక్కడ పక్క ఇస్తారు. దీని మీద చాలామందికి అభ్యంతరం ఉంటుందని తెలుసు, నేను మాత్రం షెల్టర్ వైపే. 1992లో న్యూయార్క్‌లో మొదలైన ‘హౌసింగ్ ఫస్ట్’ పద్ధతి కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది, ముందు తాగుడు మానితే తర్వాత ఇల్లిస్తాం అనకుండా, ముందు ఇల్లిచ్చి మిగతా సమస్యలు ఆ తర్వాత చూస్తారు. షెల్టర్ ఇల్లు కాదు, నిజమే. అయినా చలిలో గుమ్మం దాకా వచ్చిన మనిషికి షరతులు పెట్టి వెనక్కి పంపడం ఏ రకంగానూ సరైంది కాదు.

లాకర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక పెద్దాయన బూట్లు విప్పేవాడు కాదు, విప్పిన రోజున వాటి లేసులు మంచం కోడుకి కట్టి, కొస చేతికి చుట్టుకుని పడుకునేవాడు. మిగిలిన ఒక్క జతా పోతే మర్నాడు నడవలేడు మరి. లాకర్లు పెట్టి తాళంచెవి ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వడం మొదలయ్యాక ఆయన బూట్లు లోపల పెట్టి పడుకున్నాడు. అప్పుడు గానీ ఆయన కాళ్ళు చూడలేకపోయాం. తడి సాక్సుల్లోనే రోజుల తరబడి ఉండడం వల్ల అరికాళ్ళు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, స్పర్శ తగ్గిపోయి ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్ళకైతే పుండు పడినా తెలియకపోవచ్చు. నైట్ డ్యూటీలో మనం చేసే పనుల్లో కాళ్ళు పొడిగా తుడుచుకోవడానికి టవలు, పొడి సాక్సులు ఇవ్వడం చాలా ముఖ్యమైనది, చూడ్డానికి చిన్నపనిలా ఉంటుంది అంతే.

శుభ్రత బాగుంది. పరుపులకి ప్లాస్టిక్ కవర్లు వేస్తారు, నల్లులు చావాలని దుప్పట్లు బాగా వేడి నీళ్ళలో ఉతుకుతారు. ఒకరి తల దగ్గరికి పక్కవాళ్ళ కాళ్ళు వచ్చేలా మంచాలు వేస్తారు, దగ్గు తుంపర్లు నేరుగా మొహం మీద పడకుండా. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే టీబీ పరీక్షకి పంపిస్తారు.

ఇక బాగాలేనివి. తెల్లవారుజామునే అందరినీ లేపి పంపించేస్తారు, ఒంట్లో బాగాలేకపోయినా సరే. రాత్రంతా దగ్గి అప్పుడే కునుకు పట్టిన మనిషిని లేపి బయటికి పంపడం నాకు ఇప్పటికీ చేతకావట్లేదు, చేయాల్సి వస్తే కడుపులో దేవినట్టుంటుంది. రాత్రుళ్ళు వాచ్‌మన్‌గానో లోడింగ్ పనికో వెళ్ళేవాళ్ళకి ఈ షెల్టర్ ఎందుకూ పనికిరాదు, వాళ్ళకి నిద్ర కావాల్సింది పగలు కదా. ఆడవాళ్ళ హాలు చిన్నది, త్వరగా నిండిపోతుంది. భార్యాభర్తలు వస్తే చెరో హాలుకి పంపుతారు, అది ఇష్టంలేక బయటే ఉండిపోయేవాళ్ళు ఉన్నారు. జీతం తీసుకునే స్టాఫ్ రాత్రికి ఒక్కరే ఉంటారు, కాబట్టి ఆ మనిషి ఎవరినైనా ఆస్పత్రికి తీసుకెళ్తే హాలంతా వాలంటీర్ల మీదే పడుతుంది, అలా జరగకూడదు. ఇంకోటి, గొడవలతోనో ఎవరికో ఫిట్స్ రావడంతోనో గడిచిన రాత్రి తర్వాత వాలంటీర్‌ని ‘ఎలా ఉన్నావు’ అని అడిగే పద్ధతే లేదు. సంతకం పెట్టి వెళ్ళిపోవడమే. ఇది సూపర్‌వైజర్‌కి చెప్పాను, చూస్తామన్నారు, ఇప్పటిదాకా మార్పు లేదు. మీరు చేరబోయే చోట ఈ రెండు విషయాలూ ముందే అడగండి, రాత్రి స్టాఫ్ ఎంతమంది, కష్టమైన డ్యూటీ తర్వాత ఎవరితో మాట్లాడాలి అని.

నెలకి ఒక్క రాత్రే వీలైనా పర్వాలేదు, చెప్పిన రోజున రావడం ముఖ్యం. మొదట్లో మీతో ఎవరూ మాట్లాడరు. చెప్పిన రోజునే అదే కుర్చీలో మళ్ళీ కనిపిస్తే నిద్రపట్టనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చుంటారు, కొందరు ఏమీ మాట్లాడకుండానే కూర్చుని లేచి వెళ్తారు, మనం పనిగట్టుకుని కదిలించక్కర్లేదు. ఏదైనా ఇవ్వాలనుకుంటే పాత చీరలు, చొక్కాలు మూటలు కట్టి తేవద్దు, అవి గదినిండా ఉన్నాయి. కొత్త సాక్సులు, కొత్త లోదుస్తులు ఎన్ని తెచ్చినా చాలవు. మా దగ్గర పోలీస్ వెరిఫికేషన్, శిక్షణ అయ్యేసరికి వారాలు పడుతుంది, చలికాలంలో పనిచేయాలనుకుంటే చలి మొదలవకముందే దరఖాస్తు ఇచ్చేయండి.