ఒలుమో రాయి నుంచి ఒషోగ్బో దాకా: రెండు రోజుల యాత్ర, ఒక గైడు

నైజీరియాలోని లాగోస్‌లో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్లయినా, దేశానికి నైరుతిన ఉన్న యోరుబా జాతివారి ప్రాంతాన్ని నేను ఎక్కువగా ట్రాఫిక్‌లో ఆగిపోయిన కారు అద్దంలోంచే చూశాను. ఆ లోటు తీర్చుకుందామని ఇటీవల ఒక పర్యాటక సంస్థ నడిపే యోరుబా వారసత్వ యాత్రకు వెళ్లాను. అబెయోకుట, ఇబదాన్, ఇలే-ఇఫే, ఒషోగ్బో కలిపి రెండు రోజులు. మనిషికి 1,80,000 నైరాలు. ఏసీ వ్యాను, ఒక రాత్రి బస, ప్రవేశ రుసుములు, మధ్యాహ్న భోజనాలు అందులోనే. సంస్థ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదు బండి మీదా గది మీదా కాదు, ఒక మనిషి మాట మీద. అలాంటి మాట లాగోస్‌లో అతనొక్కడే అనేదీ కాదు.

వ్యానులో ఆరుగురం ఉన్నాం. లండన్ నుంచి సెలవులకు వచ్చిన యోరుబా దంపతులు, ఆగ్నేయ నైజీరియా మూలాలున్న ఇగ్బో జాతివారే అయినా లాగోస్‌లోనే పుట్టి పెరిగిన దంపతులు, నేను, నా సహోద్యోగి. గైడు ముప్పై అయిదేళ్ల యోరుబా యువకుడు. తన భాషను అంత ఇష్టంగా, అంత స్పష్టంగా వివరించగలవారిని నేను అరుదుగా చూశాను. యోరుబాలో ప్రతి సందర్భానికీ ఒక పలకరింపు ఉంటుందని, పని చేస్తున్న మనిషి పక్క నుంచి ‘ఎ కూ ఇషే’ అనకుండా వెళ్లిపోవడం మర్యాద కాదని చెప్పి, టోల్‌గేటు దగ్గర మా అందరి చేతా అనిపించాడు. స్వరం మారితే ‘ఒకో’ అన్న ఒక్క మాటే భర్త అవుతుంది, పార అవుతుంది, వాహనం అవుతుంది, బల్లెం కూడా అవుతుంది. నా సహోద్యోగి డ్రైవరును బండి గురించి అడగబోయి మొగుడి గురించి అడిగాడు. తర్వాతి పావుగంట వ్యానులో ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

అబెయోకుట అంటే ‘రాతి కింద’ అని అర్థం. యోరుబాల ఓయో సామ్రాజ్యం కూలిపోతున్న కాలంలో, యుద్ధాల్లో ఊళ్లు తగలబడి చెల్లాచెదురైన ఎగ్బా అనే యోరుబా శాఖవారు 1830 ప్రాంతంలో షోడెకే నాయకత్వంలో ఒలుమో రాయి గుహల్లో తలదాచుకున్నారు. ఆ ఆశ్రయమే క్రమంగా నగరమైంది. గుహలో వంగి నడుస్తూ, ధాన్యం నూరుకోవడానికి రాతిలో తొలిచిన గుంటలను వేళ్లతో తడిమి చూశాం. అక్కడ గైడు చెప్పిన ఇంకొక సంగతి యాత్ర మొత్తానికీ తలమానికం. ‘యోరుబా’ అన్న పేరు మొదట ఓయో వారికే చెల్లేదని, ఎగ్బా, ఇజెబు, ఎకిటి, ఇజేషా వారందరికీ కలిపి దాన్ని వాడుకలోకి తెచ్చింది 19వ శతాబ్దపు మిషనరీలని, వారిలో అజాయి క్రౌథర్ వంటి యోరుబాలూ ఉన్నారని, 1877 నుంచి 1893 దాకా సాగిన కిరిజి యుద్ధంలో ఇబదాన్ ఒక వైపు, ఎకిటి, ఇజేషా వారు మరొక వైపు నిలబడి పోరాడారని ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. సొంత జాతి గురించి గొప్పలు మాత్రమే చెప్పే గైడు కాడన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది.

అబెయోకుటలోని ఇటోకు బజారులో అడిరే అనే నీలిరంగు అద్దకపు బట్టల కోసం గంటన్నర ఇచ్చారు, అది చాలదు. ఒక పెద్దావిడ కర్రపెండలం పిండితో కాచిన గంజిని కోడి ఈకతో తెల్లని గుడ్డ మీద గీస్తోంది. గీసిన చోట నీలిరంగు అంటదు, గంజి కడిగేశాక ఆ గీతలు తెల్లగా మిగులుతాయి. నేను ‘ఇబదాన్‌డున్’ అనే నమూనా గుడ్డ కొన్నాను. ఇబదాన్ జీవితం తీయనిదని ఆ పేరుకు అర్థం, అందులో ఆ ఊరి మాపో హాలు అనే భవనం స్తంభాలూ చెంచాలూ ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయి. పక్క కొట్లలో మిల్లు ముద్రించిన నకళ్లు కూడా అమ్ముతున్నారు. గుడ్డను తిరగేసి, రంగు వెనక్కి ఎంత దిగిందో చూసి కొనండి.

ఇబ్బంది ఆ సాయంత్రం ఇబదాన్ దారిలో మొదలైంది. ‘లాగోస్ ఎవరి సొంతమూ కాదంటారు కదా, మీరేమంటారు?’ అని లండన్ ఆయన అడిగాడు. లాగోస్ వాసుల మధ్య ఈ ప్రశ్న వేయడమంటే తేనెతుట్టెను కదిపినట్టే. గైడు మొదట సబబుగానే మాట్లాడాడు. అక్కడ ముందుగా స్థిరపడినవారు ఆవోరి యోరుబాలని, ఎవరిదీ కాని నేల అనడం వారి చరిత్రను తుడిచేయడమేనని అన్నాడు, అందులో న్యాయముంది. అయితే లాగోస్‌కు యోరుబాలో ఉన్న ‘ఎకో’ అన్న పేరు పాత బెనిన్ రాజ్యం వారి యుద్ధ శిబిరం నుంచి వచ్చిందన్న వాదన ఉందని, అక్కడి రాజవంశం మూలాలూ బెనిన్‌తో ముడిపడి ఉన్నాయని మాత్రం దాటవేశాడు. అక్కడి నుంచి మాట 2023 ఎన్నికల మీదికి మళ్లింది. ఆ ఫిబ్రవరిలో అధ్యక్ష ఎన్నికలో లాగోస్ రాష్ట్రంలో యోరుబా అయిన టినుబు కంటే ఇగ్బో అయిన పీటర్ ఓబీకే ఎక్కువ ఓట్లు పడ్డాయి. మార్చిలో గవర్నరు ఎన్నిక నాడు ఇగ్బోలుగా కనిపించినవారిని కొన్ని పోలింగ్ కేంద్రాల దగ్గర బెదిరించి వెనక్కి పంపారు. గైడు దాన్ని తప్పనలేదు. ‘చుట్టపుచూపుగా వచ్చినవాడు వంటింటి తాళం అడిగితే ఇంటివాడు ఊరుకుంటాడా, ఓగా (అయ్యా)?’ అని నవ్వి, ఇగ్బో వ్యాపారుల మీద ఒక చవకబారు జోకు వేశాడు.

వెనక సీటులోని ఇగ్బో ఆయన కొంతసేపు ఓర్చుకున్నాడు. ‘నేను లాగోస్‌లోని సురులేరెలో పుట్టాను, పన్ను ఈ రాష్ట్రానికే కడుతున్నాను, ఇంకా ఎన్నాళ్లు చుట్టాన్ని?’ అని అడిగాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కోపం పట్టలేక, యోరుబాలను ఎద్దేవా చేయడానికి ఇగ్బోలు వాడే ‘ఓఫే మ్మాను’, అంటే నూనె పులుసు, అన్న మాట కూడా విసిరాడు. లండన్ ఆవిడ మొహం తిప్పుకుంది. డ్రైవరు రేడియో గొంతు పెంచాడు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని పరాయి చోట బతుకు కట్టుకున్నవాళ్ల కథను పొద్దున అంత గొప్పగా చెప్పిన మనిషి, సాయంత్రానికి వలస వచ్చినవాళ్లను ఎగతాళి చేయడం నాకు మింగుడుపడలేదు.

గది శుభ్రంగా ఉంది, రాత్రంతా కరెంటు ఉంది. రెండో రోజు ఇఫేను రెండు గంటల్లో ముగించారు. 1938లో ఇంటి పునాది తవ్వుతుండగా బయటపడిన లోహపు శిరస్సుల ఊరికి, ఇనుప మేకులు దిగ్గొట్టిన ఒరాన్మియాన్ రాతి స్తంభం నిలిచిన ఊరికి రెండు గంటలేమిటి?

ఒషోగ్బోలో నదీ దేవత ఒషున్ పవిత్ర వనం 2005లో యునెస్కో జాబితాలో చేరింది. సుజాన్ వెంగర్ అనే ఆస్ట్రియా కళాకారిణి స్థానిక శిల్పులతో కలిసి మలచిన విగ్రహాలు చెట్ల మధ్య నుంచి తొంగిచూస్తుంటాయి. వనం చూపించడానికి అక్కడి పెద్దాయన ఒకరు వచ్చారు. అందరూ ఆయనను బాబా అంటున్నారు. ఏటి ఒడ్డున ఆయన ఒక్కొక్కరినీ ‘ఎ కాబో’, అంటే స్వాగతం, అంటూ పేరడిగారు. ఇగ్బో ఆవిడ చెప్పిన పేరును ఆయన మొదటిసారి తప్పు స్వరంతో పలికారు. ఆవిడ మొహమాటంగానే సరిదిద్దింది. ఇగ్బోలోనూ స్వరాన్ని బట్టే అర్థం మారుతుంది కనుక బాబా తల వంచి విని, మళ్లీ పలికి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు ఆవిడ వైపు చూశారు. వచ్చింది. మా గైడు అప్పుడు వ్యాను తలుపుకు ఆనుకుని ఫోను చూసుకుంటున్నాడు.

ఏర్పాట్లకు అయిదుకు నాలుగు, మొత్తం యాత్రకు మూడు. వెళ్లదలచినవారు ఇఫేకు ఒక రోజు ప్రత్యేకంగా ఇమ్మని ముందే అడగండి, బుక్ చేసేటప్పుడు గైడు ఎవరో కనుక్కోండి. జరిగినదంతా రాసి సంస్థకు పంపాను. వచ్చే యాత్రలో పది శాతం తగ్గింపు ఇస్తామని జవాబు వచ్చింది, గైడు ప్రస్తావన అందులో లేదు. ఆ ఇగ్బో దంపతులకూ అక్షరం మారకుండా అదే జవాబు వచ్చిందట.