దించడం వేరు, విప్పడం వేరు: ఆటోమేటిక్ కారు రిపేరుకిచ్చేవాళ్లు జాగ్రత్త

గేరు పడేటప్పుడు కుదుపు, ఎత్తు మీద లాగకపోవడం, ఉన్నట్టుండి న్యూట్రల్‌లోకి పోవడం. వీటిలో ఏది చెప్పినా, బండిలో ఒక రౌండ్ కొట్టొచ్చి "గేర్‌బాక్స్ పోయింది సార్, దించాలి" అనే షెడ్డులో తాళాలు వదిలి రాకండి. ముక్కలు ట్రేలోకి చేరాక బిల్లు అంకె వాళ్ల చేతిలో ఉంటుంది. వద్దనుకుంటే విప్పిన కూలీ, బిగించిన కూలీ కట్టి బండిని తెచ్చుకోవాలి.

ఏఎంటీ కార్లలో, అంటే క్లచ్, గేర్లు బండే వేసుకునే రకంలో, ఈ మోసం మరీ తేలిక. లోపలున్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని ఆక్చుయేటర్ అనే యంత్రం చేస్తుంది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకా ఇంచు ఇంచు జరిగే బండికి ముందు అరిగేది క్లచ్ ప్లేటు. దాన్ని మార్చాలన్నా గేర్‌బాక్స్ దించాల్సిందే, అది నిజం. కానీ దించడం వేరు, విప్పడం వేరు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ బయటే ఉంటాయి, వాటికోసం లోపలి గేర్లు ముట్టుకోనక్కర్లేదు. ఎస్టిమేట్‌లో 'ఓవరాలింగ్' (మొత్తం విప్పి బాగుచెయ్యడం) అని రాస్తే, ఏ పార్టు ఎందుకో చూపించమనండి. కొత్త క్లచ్ పడ్డాక, కారు కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌తో లెర్నింగ్ చెయ్యాలి, అంటే కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి నేర్పాలి. అది ఎగ్గొడితే కుదుపు అలాగే ఉంటుంది, ఆ పైన "కంప్యూటర్ కూడా పోయింది" అంటారు.

అంతకంటే ముందు బ్యాటరీ, అది నీరసిస్తే గేర్లు సరిగ్గా పడకపోవచ్చు. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12.2 కన్నా తక్కువుంటే ముందు చార్జింగ్, తర్వాతే గేర్‌బాక్స్ మాట.

స్కానర్‌లో పీ0700 వచ్చిందని చూపిస్తే సరిపోదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉందన్న కబురు మాత్రమే అది. అసలు కోడ్ ఆ కంప్యూటర్‌లోంచి చదవాలి, చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ దగ్గరే ఆగిపోతాయి. ప్రింటు గానీ ఫొటో గానీ తీసుకోండి.

ఇక ఆయిల్. చాలా గేర్‌బాక్సులు చచ్చేది ఇక్కడే. సీవీటీ అనే ఆటోమేటిక్ రకంలో గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య లోహపు బెల్టు తిరుగుతుంది, తప్పు ఆయిల్ పోస్తే అది జారి పుల్లీని గీసేస్తుంది. హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, నిస్సాన్‌కి ఎన్ఎస్-3 లాంటి ఆయిల్ పేర్లు బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో ఉంటాయి. డ్రమ్ములోంచి లూజుగా పోసే 'అన్నిటికీ పనికొచ్చే' ఆయిల్ వద్దే వద్దు, సీలు డబ్బా మీ ముందే తెరవాలి. టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ఆయిల్ ద్వారా ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది) ఉన్న బండిలో డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం ఆయిల్ రాదు, సగానికి అటూ ఇటూ కన్వర్టర్‌లోనే మిగిలిపోతుంది. కాబట్టి డ్రెయిన్ మాత్రమే చేసి 8 లీటర్ల బిల్లు వేస్తే, దిగినది కొలిచి చూపించమని అడగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) లేని బండిలో లెవెల్ కంటితో తేలదు. ఇంజిన్ నడుస్తుండగా, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో చూడాలి. ఆయిల్ పాలు కలిసిన గులాబీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. వాన నీళ్లలో మునిగిన సెకండ్‌హ్యాండ్ బండ్లు కొనేవాళ్లు ఇది మాత్రం చూడాలి.

ఎస్టిమేట్ రాతలో, పాత పార్టులు మీకే, జీఎస్టీ బిల్లు ఉండాలి. ఇవ్వనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

డబ్బు కట్టేముందు రెండుసార్లు నడపండి, చల్లారిన బండి ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో వేడెక్కాక ఇంకోసారి. జూబ్లీహిల్స్ ఎత్తుల మీద ఆపి మళ్లీ కదిలించండి. చివర్న అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు రివర్స్‌లో ఎక్కించండి. క్లచ్ జారుతుంటే అక్కడే మాడిన వాసన వస్తుంది.