రాళ్ళ గుట్ట మీద నాచుపూలు: నాలుగేళ్ళ అనుభవం

మంచుకొండల మీద రాళ్ళ సందుల్లో దిండులా గుండ్రంగా పెరిగే మొక్కలంటే నాకు ఎప్పటి నుంచో ఇష్టం. సైలీన్ అకాలిస్ లాంటివి చలికి, గాలికి తట్టుకోవడానికే అలా నేలను కరుచుకుని ఒత్తుగా అల్లుకుంటాయి. రామచంద్రపురం దగ్గర, పంటకాలువ పక్కనున్న మా ఇంట్లో అవి బతకవు. అందుకే నాలుగేళ్ళ కిందట కడియం వెళ్ళి నాచుపూల మొక్కలు తెచ్చాను. నర్సరీల్లో టేబుల్ రోజ్ అంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా, మన గంగపావిలి కూరకు దగ్గర చుట్టం.

మొదటి ఏడాది అన్నీ పోయాయి. ఎండకి కాదు, నీటికి. మాది బంకమట్టి. శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టేసరికి కాడలు మెత్తబడి, ముట్టుకుంటే చేతికి ఊడొచ్చాయి. చాలా బాధేసింది. నేల మీదే నాలుగు రాళ్ళు పేర్చి, సంచిలోని కొబ్బరిపొట్టుతో సహా నాటేశాను. కాడల్లోనే నీళ్ళు దాచుకునే మొక్కకు ఆ చెమ్మ ఎక్కువైపోయింది.

రెండో ఏడాది అడుగున్నర ఎత్తున గుట్ట కట్టాను. అడుగున పాత ఇటుక ముక్కలు, ఆ పైన రెండు పాళ్ళు గోదావరి ఇసుక, ఒక పాలు మట్టి, కొంచెం మాగిన పశువుల ఎరువు. వేళ్ళకున్న పొట్టు కడిగేసి నాటి, ఆకులు తడిమట్టికి ఆనకుండా చుట్టూ గులకరాళ్ళు పరిచాను. అప్పటి నుంచి మూడు వానాకాలాలు గట్టెక్కాయి.

మే నెల వడగాడ్పులకు మిగతా కుండీలు వాడిపోతున్నా ఇవి మాత్రం పూస్తూనే ఉంటాయి. మూడు రోజులకోసారి నీళ్ళు చాలు. తొమ్మిదికి విచ్చుకుని మధ్యాహ్నం రెండు, మూడింటికల్లా ముడుచుకుంటాయి. మబ్బుపడితే సరిగ్గా విచ్చవు. పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద లోటే.

దిండు ఆకారం దానంతట అది రాదు. కాడలు సాగిపోయి మధ్యలో బోసిగా అయిపోతుంది. రెండు నెలలకోసారి రెండు వేళ్ళ ఎత్తుకు కత్తిరించి, ఆ ముక్కల్నే ఖాళీల్లో గుచ్చుతాను. పది రోజుల్లో వేళ్ళు పడతాయి. పిండినల్లి ఒకసారి పట్టింది, సబ్బునీళ్ళు కొడితే పోయింది. వానాకాలంలో నత్తల బెడద ఎక్కువ. రాత్రి టార్చ్ వేసుకుని ఏరాల్సిందే.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా వదిన బుట్టెడు కొమ్మలు పట్టుకెళ్ళింది. ముందు గుట్ట కట్టించు వదినా, ఆ తర్వాతే నాటమని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాను.